109 గంటల దగ్గర ఆగిన హెలికాప్టర్

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. బీటెక్ అయ్యాక అమెరికా వెళ్లి హెలికాప్టర్ కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాను. లాగ్‌బుక్‌లో మొత్తం 161 గంటలున్నాయి. అందులో 109 హెలికాప్టర్ మీద, మిగతా 52 చిన్న విమానం మీద. వీసా అయిపోయి ఇంటికొచ్చి పద్నాలుగు నెలలైంది. ‘ఇండియాలో కన్వర్షన్ మా బాధ్యత’ అన్న కన్సల్టెన్సీ ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. నాన్న పొగాకు వేస్తాడు. నా చదువుకి రెండెకరాలు తాకట్టు పెట్టాడు. కెనడాకో, దక్షిణాఫ్రికాకో వెళ్లి ఇంకో లైసెన్స్ తెచ్చుకుంటే పనవుతుందా? కావలిలో మా పిన్ని కూతురు ఇంటర్ బైపీసీ చదువుతోంది. నన్ను చూసి తనూ హెలికాప్టర్ పైలటే అవుతానంటోంది. తనకేం చెప్పను?

సమాధానం: తమ్ముడూ, నువ్వు అని రాస్తున్నాను, ఏమనుకోకు. నాదీ కావలే. నీకంటే చాలా ఏళ్ల ముందు ఇదే దారిలో వెళ్లి, నువ్వు తిన్న దెబ్బల్లో సగం నేనూ తిన్నవాణ్ణి.

ముందు సూటిగా ఒక మాట. ఇంకో దేశం లైసెన్స్ కోసం వెళ్లొద్దు. నీకు లైసెన్స్ ఉంది. లేనిది గంటలు. కెనడా వెళ్లి ఇంకో కాగితం తెచ్చుకున్నా నీ లాగ్‌బుక్ అదే, అందులో పేజీలు అవే.

‘కన్వర్షన్’ అనే మాటే మనవాళ్లను ముంచుతోంది. డాలర్లిచ్చి రూపాయలు తీసుకున్నట్టు, ఆ లైసెన్స్ కౌంటర్లో ఇస్తే ఈ లైసెన్స్ చేతిలో పెడతారని అనుకుంటాం. అలా ఉండదు. మన వైపు ప్రతి ఊళ్లోనూ ఫిలిప్పీన్స్‌లోనో రష్యాలోనో ఎంబీబీఎస్ చదివొచ్చి, ఇక్కడ ప్రాక్టీసుకి రాయాల్సిన పరీక్ష ఎఫ్‌ఎంజీఈకి కుస్తీ పడుతున్న పిల్లాడు ఒకడుంటాడు కదా, నీదీ అదే కథ. మన దేశపు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నీ అమెరికా లైసెన్స్‌ని మార్చదు. దాన్ని ఒక ఆధారంగా తీసుకుని, మన నిబంధనల ప్రకారం నీకు అర్హత ఉందో లేదో మొదటి నుంచీ చూసి, కొత్తగా భారతీయ లైసెన్స్ ఇస్తుంది. అక్కడ చెల్లిన గంట ఇక్కడ చెల్లాలని లేదు.

నీ గంటలే చూద్దాం. అమెరికాలో హెలికాప్టర్ కమర్షియల్‌కి మొత్తం 150 గంటలు కావాలి. అందులో హెలికాప్టర్ మీద 50 ఉంటే చాలు, మిగతావి విమానం మీద ఎగిరినా వాళ్లకు అభ్యంతరం లేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో పెట్టిన కొలత వేరు. 150 గంటలూ హెలికాప్టర్ మీదే ఉండాలి. ఆమోదం పొందిన కోర్సుని వరసగా పూర్తిచేసినవాళ్లకైతే 100. వేరే రకం వాహనం మీద ఎగిరిన గంటల్ని ఎంతవరకు కలుపుకోవాలన్నది ఆయా దేశపు అథారిటీ ఇష్టం. ఆ ఇష్టాన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు. కాబట్టి నువ్వు 161 అని చెప్పుకుంటున్నా, ఇక్కడ టేబుల్ మీద కూర్చునేది 109.

ఆ 52 గంటలు విమానం మీద ఎందుకు ఎగిరించారో తెలుసా? చిన్న సెస్నా విమానం అద్దె ఆర్-22 హెలికాప్టర్ అద్దెలో సగం దాకా ఉంటుంది. ఆర్-22 మీద ఇన్‌స్ట్రక్టర్‌తో కలిపి గంటకు మూడు నాలుగు వందల డాలర్లు అవుతుంది. నాలుగు వందలనుకుంటే 150 గంటలకు 60 వేల డాలర్లు. డాలరు 85 రూపాయలనుకున్నా 51 లక్షలు, అదీ ఉత్త ఎగరడానికి. గది, తిండి, ఎగ్జామినర్ ఫీజు, వీసా, విమాన టికెట్టు అన్నీ విడిగా. మరి నీ కన్సల్టెన్సీ ఆయన ‘అన్నీ కలిపి ఇంతే’ అని తక్కువ ప్యాకేజీ ఎలా చూపించాడు? సెస్నా గంటలు కలిపి చూపించాడు. అమెరికా చట్టం ప్రకారం అందులో మోసం లేదు. నువ్వు తిరిగి రావాల్సింది ఒంగోలుకని ఆయనకు తెలుసు కదా, మోసం అక్కడుంది.

దీనికంటే లోతైన గొయ్యి ఇంకోటుంది. అందులో నేనే పడ్డాను. అమెరికాలో ఒకసారి ప్రైవేట్ లైసెన్స్ వచ్చాక, పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చున్నా సరే, కంట్రోల్స్ నీ చేతిలో ఉంటే ఆ సమయాన్ని పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే మిషన్ బాధ్యత నీదే అన్నట్టు, రాసుకోవచ్చు. అక్కడ అది చట్టబద్ధం, అందరూ రాస్తారు. మన పద్ధతిలో పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండి నేర్పుతున్నాడంటే అది డ్యూయల్, కమాండ్ ఆయనది. నా లాగ్‌బుక్‌లో అలాంటి గంటలు 31 ఉన్నాయి. ఢిల్లీలో నా ఫైలు చూసినాయన పెద్దగా ఏం మాట్లాడలేదు. పెన్సిల్ తీసుకుని రిమార్క్స్ గడిలో ఇన్‌స్ట్రక్టర్ సంతకం ఉన్న ప్రతి వరస పక్కనా చిన్న చుక్క పెట్టుకుంటూ పోయాడు. మూడు పేజీలయ్యాక తలెత్తి, ‘సంతకం ఆయనది, కమాండ్ నీదా?’ అన్నాడు హిందీలో. నా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పేమీ లేదు, నేను చదువుకోకుండా వెళ్లాను. ఇంకో కష్టం ఏమిటంటే, కొన్ని ఎంట్రీల్లో ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ నంబర్ వేయలేదు. వేయించుకుందామని ఫోన్ చేస్తే, నేను నేర్చుకున్న స్కూలే లేదు, మూసేశారు. ఆ ఇన్‌స్ట్రక్టర్‌ని వెతికి పట్టుకునేసరికి ఆయన అలాస్కాలో ఉన్నాడు.

అందుకని ఈ వారంలో ఒక పని చెయ్యి. గళ్ల నోట్‌బుక్ తీసుకుని స్కేలు పెట్టి గీతలు గియ్యి. హెలికాప్టర్ డ్యూయల్, ఒక్కడివే ఎగిరిన సోలో, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా కమాండ్ అని రాసుకున్నవి, రాత్రి గంటలు, క్రాస్-కంట్రీ అంటే ఊరి నుంచి ఊరికి ఎగిరినవి, మీటర్లు మాత్రమే చూసి ఎగిరిన ఇన్‌స్ట్రుమెంట్ గంటలు, అన్నీ వేరు వేరు గళ్లు. లాగ్‌బుక్ మొదటి పేజీ నుంచి ఒక్కో ఎంట్రీ దించుకో. ఎక్సెల్ వద్దు, చేత్తోనే రాయి. చేత్తో రాస్తుంటే సంతకం లేని ఎంట్రీ, తేదీ కొట్టేసి దిద్దిన ఎంట్రీ కంటపడతాయి. అవి ఇప్పుడే ఆ స్కూలుకి మెయిల్ పెట్టి సరిచేయించుకో, స్కూలు ఉండగానే. కిందకొచ్చేసరికి నీకు నిజంగా ఎన్ని గంటలు తక్కువో తెలుస్తుంది. నా అంచనా, మొత్తంలో 41 తక్కువ, సోలో కమాండ్‌లో ఇంకెంతో.

ఈ కొరత ఎక్కడ తీర్చుకోవాలి? నీ లైసెన్స్ ఎక్కడ చెల్లుతుందో అక్కడే. అమెరికా సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉండదు. 24 నెలలకోసారి ఫ్లైట్ రివ్యూ, చెల్లుబాటులో ఉన్న మెడికల్ సర్టిఫికెట్ ఉంటే చాలు. మళ్లీ ఎం-1 వీసా, అంటే వృత్తి శిక్షణకి ఇచ్చే స్టూడెంట్ వీసా మీద వెళ్లాలి, దానికి స్కూలు నుంచి ఐ-20 అనే అడ్మిషన్ కాగితం కావాలి కాబట్టి ఏదో ఒక కోర్సులో చేరాలి. హెలికాప్టర్ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ మంచిది. గంటలూ పెరుగుతాయి, రేపు సముద్రం మీద ఎగిరే కంపెనీల దగ్గర దానికి విలువా ఉంటుంది. కానీ అవి ఎక్కువగా డ్యూయల్ గంటలే. సోలో కొరత వాటితో తీరదని గుర్తుపెట్టుకుని, చేరేముందే ‘నాకు ఇన్ని సోలో గంటలు కావాలి, మీ ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందా’ అని స్కూలుని మెయిల్లో అడుగు. ఆర్-22ని తక్కువ అనుభవం ఉన్నవాడికి ఒంటరిగా ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. రెండు రెక్కల రోటర్, తేలికైన మిషన్. గాల్లో స్టిక్‌ని గబుక్కున ముందుకు తోసి ఒళ్లు తేలిపోయే స్థితి తెచ్చుకుంటే రోటర్ వచ్చి, దాన్ని మోసే నిలువు కడ్డీని, అంటే మాస్ట్‌ని కొట్టేస్తుంది. ఆ మోడల్స్‌కి అమెరికాలో ప్రత్యేక శిక్షణ నిబంధనలు పెట్టింది అందుకే.

అక్కడే ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి గంటలు పెంచుకుందామని ఎవరైనా ఆశపెడితే నమ్మకు. అమెరికా కుర్రాళ్లు పెంచుకునేది అలాగే, నిజమే. కానీ ఎం-1 మీద చదువుకుంటూ పనిచేయడానికి లేదు. కోర్సు అయ్యాక ఇచ్చే ప్రాక్టికల్ ట్రైనింగ్ నాలుగు నెలల చదువుకి ఒక నెల లెక్కన, అదీ ఆరు నెలలకు మించదు. పైగా ఆర్-22 మీద పాఠం చెప్పాలంటే హెలికాప్టర్ గంటలే 200 ఉండాలి. కాలేజీ ద్వారా ఎఫ్-1 వీసా ఇచ్చే ఫ్లైట్ ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. అవి వేరే కథ, ఫీజులూ వేరే లెవెల్.

కెనడా అడిగావు. అక్కడ హెలికాప్టర్ కమర్షియల్ 100 గంటలకే ఇస్తారు, ట్రైనింగ్ గట్టిది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆలోచించొచ్చు. నీకు మాత్రం లాభం లేదు. అమెరికా, కెనడా లైసెన్సులు సులువుగా మార్చుకునే ఒప్పందం ఉంది గానీ అది విమానాలకే, హెలికాప్టర్లకు కాదు. యూరప్, బ్రిటన్ 2020 చివర్లో విడిపోయాక రెండూ వేరు వేరు లైసెన్సులు, పైగా థియరీ పరీక్షలే పదికి పైగా. దక్షిణాఫ్రికాలో గంట ధర తక్కువని చెప్పినవాణ్ణి, వాన పడి ఎగరని రోజుల్లో గది అద్దె ఎవరు కడతారో కూడా అడుగు.

ఏ దేశమైనా సరే, మొత్తం డబ్బు ముందే కట్టకు. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అనే పెద్ద స్కూలు ఉన్నట్టుండి మూతపడింది. 70 వేల డాలర్ల దాకా అప్పు చేసి ముందే కట్టేసిన పిల్లలు ఎంతోమంది రోడ్డున పడ్డారు. వాళ్లు అమెరికన్లు, సొంత దేశంలో ఉన్నారు, అయినా ఆ అప్పుల గొడవ ఏళ్ల తరబడి సాగింది. మనం ఏ కోర్టుకి పోతాం? ఎగిరిన గంటలకి ఎగిరాక కట్టు, మహా అయితే పది గంటల అడ్వాన్స్. దీనికి ఒప్పుకోని స్కూలు వద్దు. హ్యాంగర్ ఫొటో చూసి మురిసిపోకుండా, ఈ రోజు గాల్లోకి లేచే స్థితిలో ఎన్ని హెలికాప్టర్లున్నాయి, ఒక్కో దానికి ఎంతమంది స్టూడెంట్లు అని అడుగు. అక్కడ చదివి ఇండియాలో లైసెన్స్ తెచ్చుకున్న ఒక్కరి నంబరైనా ఇమ్మను. ఇవ్వలేదంటే నీకు జవాబు దొరికినట్టే.

ఇంట్లో కూర్చున్న ఈ పద్నాలుగు నెలలు చూస్తే నాకు బాధేస్తోంది. పరీక్షలు రాసేయాల్సింది. విదేశీ లైసెన్స్ ఉన్నవాళ్లకి డీజీసీఏ పెట్టేవి ఎయిర్ రెగ్యులేషన్స్ ఒకటి, నావిగేషన్, మెటియరాలజీ కలిపిన కాంపోజిట్ పేపరు ఒకటి. 70 మార్కులొస్తే పాస్. వీటికి ముందు కంప్యూటర్ నంబర్, అంటే పరీక్షలు రాసేవాళ్లకి డీజీసీఏ ఇచ్చే నంబరు కావాలి, దానికి నీ ఇంటర్ మార్కుల మెమో అసలైనదేనని బోర్డు ఇచ్చే వెరిఫికేషన్ కావాలి. మనవాళ్లు ఎక్కువమంది నెలలు పోగొట్టుకునేది ఈ కాగితం దగ్గరే. రేడియో టెలిఫోనీ పరీక్ష, ఆర్‌టీఆర్, ఇదివరకు టెలికాం శాఖ పెట్టేది. కొత్త విమానయాన చట్టం, భారతీయ వాయుయాన్ అధినియమ్, 2025 జనవరి 1న అమల్లోకి వచ్చాక డీజీసీఏ చేతికొచ్చింది, కాబట్టి పాత సీనియర్లు చెప్పే పద్ధతి పట్టుకుని తిరగకు. ఇంగ్లిష్ ప్రావీణ్యం కనీసం లెవెల్ 4 ఉండాలి. అమెరికా మెడికల్ ఇక్కడ పనికిరాదు. ముందు క్లాస్-2, ఆ తర్వాత క్లాస్-1, రెండూ డీజీసీఏ ఆమోదించిన చోటే. ఇవి కాక నీ లైసెన్స్ నిజమైనదేనా అని డీజీసీఏ అమెరికాకి రాసి తెప్పించుకుంటుంది. ఆ జవాబు ఎప్పుడొస్తుందన్నది నీ చేతుల్లో లేదు. నీ చేతుల్లో ఉన్నవి ఇప్పుడే కానివ్వు, ఎందుకంటే గంటలు కూడా పాతబడతాయి. ఈ మధ్య ఎగిరావా లేదా అని అడుగుతారు. అమెరికా వెళ్లి గంటలు పూర్తి చేసుకునేది చివర్లో ఉండాలి, వచ్చిన వెంటనే అప్లికేషన్ పెట్టేలాగ.

ఇక ఎవరూ చెప్పని విషయం టైప్, అంటే హెలికాప్టర్ మోడల్. అమెరికాలో 12,500 పౌండ్ల లోపు హెలికాప్టర్లకు టైప్ రేటింగ్, అంటే మోడల్‌కి విడిగా అనుమతి, అక్కర్లేదు. మన దగ్గర ఏ మోడల్ నడుపుతావో ఆ మోడల్ లైసెన్స్ మీద ఎక్కాలి. నువ్వు నేర్చుకున్న ఆర్-22లో ఇక్కడ ఉద్యోగం లేదు. బెల్ 407, బెల్ 412, హెచ్125, ఏడబ్ల్యూ139, ఇవీ ఇక్కడ పని చేసేవి. అలాగని ముందే సొంత డబ్బుతో టైప్ చేయించుకోకు. ఏ కంపెనీ ఏ మిషన్ మీద తీసుకుంటానంటుందో కాగితం మీద చూశాకే.

ఉద్యోగం గురించి అబద్ధం చెప్పను. మన దేశంలో సివిల్ హెలికాప్టర్లు నడిపేవాళ్లలో ఎక్కువమంది సైన్యం నుంచి వచ్చినవాళ్లు, వేల గంటలున్నవాళ్లు. కేదార్‌నాథ్ లాంటి కొండ సర్వీసుల్లో ఒకే ఇంజిన్, ఒకే పైలట్. అక్కడ కొండ అనుభవం లేనివాడికి చోటు లేదు, ఉండకూడదు కూడా. 150 గంటల కుర్రాడికి దొరికేది ఇద్దరు పైలట్లుండే మిషన్‌లో చిన్నవాడి సీటు, అంటే కో-పైలట్. సముద్రంలో చమురు రిగ్గులకు మనుషుల్ని తీసుకెళ్లే పని ముంబైలో ఉంది, మనకి దగ్గర్లో రాజమండ్రిలో ఉంది. హెలికాప్టర్లు అద్దెకి తిప్పే చార్టర్ కంపెనీలు కొన్ని ఉన్నాయి. చమురు కంపెనీల కాంట్రాక్టులు కో-పైలట్‌కి కూడా గంటలు అడుగుతాయి. ఎలక్షన్లప్పుడు కాలేజీ గ్రౌండ్‌లో సున్నంతో హెచ్ గీసి, ఫైరింజన్ నీళ్లు చల్లినా లేచే ఎర్రటి దుమ్ములో నాయకుడు దిగుతుంటే మనం చూసి మనసు పారేసుకున్నది ఆ చార్టర్ ఉద్యోగం మీదే. ఆ సీజన్ రెండు నెలలు. మిగతా పది నెలలు ఏం చేస్తారో నేను చిన్నప్పుడు ఎవర్నీ అడగలేదు.

అందుకే నాన్నగారి చేత ఇంకో ఎకరం తాకట్టు పెట్టించకు. చెన్నైలోనో ఒంగోల్లోనో నీ బీటెక్‌తో దొరికే ఉద్యోగంలో చేరు. జీతం మీద పరీక్షలు, మెడికల్ అయిపోతాయి. ఈలోపు రాజమండ్రి, ముంబై కంపెనీలకి నేరుగా రాయి, ‘ఎన్ని గంటలుంటే ట్రైనీ కో-పైలట్‌గా చూస్తారు’ అని. ఒక్కరైనా సరైన జవాబిస్తేనే ఆ 41 గంటల ఖర్చు పెట్టు. ఎవరూ ఇవ్వకపోతే ఒక ఏడాది ఆగు, ఖర్చు ఆగినా కొంపేం మునగదు. మొదటి అప్పుకి రెండో అప్పు మందు కాదని పొగాకు రైతు కొడుక్కి నేను చెప్పాలా.

కన్సల్టెన్సీ ఆయన సంగతి. ‘కన్వర్షన్ మా బాధ్యత’ అని వాట్సాప్‌లో గానీ, రసీదు మీద గానీ రాసి ఉంటే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో. ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 50 లక్షల లోపు చెల్లింపుల కేసులు అక్కడికే వెళ్తాయి. గడువు రెండేళ్లు, నీకు పద్నాలుగు నెలలు ఇప్పటికే పోయాయి. ముందు ఒక లాయర్ నోటీసు పంపు, ఫోన్ ఎత్తనివాళ్లు కొందరు నోటీసుకి పలుకుతారు.

ఇంట్లో అమ్మ భయపడుతోందని నువ్వు రాయలేదు గానీ భయపడుతూనే ఉంటుంది. 2002లో బాలయోగి గారు కైకలూరు దగ్గర, 2009 సెప్టెంబరు 2న వైఎస్ గారు మీకు పడమరగా ఉన్న ఆ నల్లమలలోనే హెలికాప్టర్ ప్రమాదాల్లో పోయారు. మన వైపు ఏ అమ్మ దగ్గరా హెలికాప్టర్ అన్న మాట ఎత్తినా ఆ పేర్లే వస్తాయి. నల్లమల ప్రమాదంలో వాతావరణం బాగాలేదు, సిబ్బంది దృష్టి గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక మీద ఉండిపోయిందని విచారణలో తేలింది. మా అమ్మ ఇప్పటికీ మబ్బు పట్టిన రోజు ఫోన్ చేస్తుంది. ‘ఎగరట్లేదమ్మా’ అని చెప్పగలిగిన పైలట్ దగ్గర నేర్చుకో, ఆ మాట చెప్పినందుకు జీతం కోయని కంపెనీలో చేరు.

మీ చెల్లెలి విషయం నీకంటే తేలిక, ఎందుకంటే ఇంకా ఏమీ కట్టలేదు. బైపీసీ అంటే మ్యాథ్స్ లేదు. పైలట్ లైసెన్స్‌కి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండాలన్నది మన నిబంధన. సడలిస్తారని వార్తలు వస్తున్నాయి గానీ మారేదాకా ఉన్నదే లెక్క. ఇంటర్ అయ్యాక ఓపెన్ స్కూల్, ఎన్‌ఐఓఎస్‌లో మ్యాథ్స్ ఒక్క సబ్జెక్టు రాస్తే సరిపోతుంది, బైపీసీ పిల్లలు చాలామంది అలాగే చేస్తున్నారు. ఆ పని చేయకుండా విదేశానికి పంపిస్తే లైసెన్స్‌తో వచ్చి కంప్యూటర్ నంబర్ దగ్గర ఆగిపోతుంది. రెండోది, పైసా కట్టక ముందు చెన్నై తీసుకెళ్లి డీజీసీఏ డాక్టర్ దగ్గర క్లాస్-2 మెడికల్ చేయించు. కలర్ విజన్ సమస్య ఏమైనా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. మూడోది, హెలికాప్టర్ అనే పట్టు కొంచెం సడలించి విమానం వైపూ చూడమను. ఖర్చు ఉంటుంది గానీ కో-పైలట్ సీట్లు అటు ఎక్కువ.

వాళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు నీ యూనిఫాం ఫొటోలు చూపించకు, ఇప్పటికే చూసుంటుంది. ఆ గళ్ల నోట్‌బుక్ తీసుకెళ్లు. కిందనున్న మొత్తం తనతోనే కూడించు. మీ పిన్ని కాఫీ తెచ్చేలోపు ఆ పిల్లకి సగం విషయం అర్థమవుతుంది.